విననక్కర్లేని మాట: హైదరాబాదులో మూడు రోజులు

ఆదివారం రాత్రి, గోదావరి ఎక్స్‌ప్రెస్

మాది రాజమండ్రి. బోరు మోటార్లు, వాటి విడిభాగాలు అమ్మే దుకాణం మా నాన్నగారి కాలం నుంచీ ఉంది. సరుకు కోసం, పాత లెక్కల సర్దుబాటు కోసం ఏడాదికి మూడు నాలుగు సార్లు హైదరాబాదు వెళ్లి రావడం నాకు ముప్ఫై ఏళ్లుగా అలవాటు. ఈసారి మా మేనల్లుణ్ణి కూడా వెంటబెట్టుకున్నాను. వాడు ఇంజినీరింగు పూర్తి చేసి దుకాణంలో చేరి ఏడాది అయింది. సికింద్రాబాదులో మేము సరుకు కొనే రాణీగంజ్ బజారులో నాలుగు ముఖాలు పరిచయం చేస్తే రేపు నేను వెళ్లలేని రోజున కూడా అక్కడ వాడి మాట చెల్లుతుందన్నది నా ఆలోచన. వాడికి వ్యాపారపు మర్యాద నేర్పుదామని బయలుదేరిన నేను, దారి పొడుగునా ఎక్కువగా ఆలోచించింది మాత్రం ఫోను మర్యాద గురించే. అందుకు కారణం మొదటి రాత్రే దొరికింది.

1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ మా వైపు వ్యాపారులకు ఇంటి బండి లాంటిది. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి సికింద్రాబాదు వస్తుంది, పగలంతా పనికి మిగులుతుంది. అందులో దొరికే అయిదారు గంటల నిద్రే మరునాటి బేరానికి మా పెట్టుబడి.

ఏలూరు దాటాక అందరూ దుప్పట్లు కప్పుకున్నారు, దీపాలు ఆర్పారు. మా ఎదుటి కింది బెర్తులో పసిబిడ్డను పక్కలో వేసుకుని ఒక తల్లి పడుకుంది. సైడ్ లోయర్ బెర్తులో యాభై ఏళ్ల పెద్దమనిషి ఉన్నారు. ఏదో మోటార్ల కంపెనీ తరఫున తిరిగే మనిషి అని ఆయన సంచి మీది ముద్రను బట్టి తెలుస్తోంది. పది దాటాక ఆయనకు ఫోను వచ్చింది. ముందు రేట్ల సంగతి మాట్లాడారు: ఒక డీలరుకు ఎంత శాతం తగ్గించి ఇస్తున్నదీ, గట్టిగా పట్టుబడితే ఇంకా ఎంతవరకు దిగడానికి కంపెనీ ఒప్పుకున్నదీ. ఆ తరువాత బకాయిల జాబితా అందుకున్నారు. ఊరు, దుకాణం పేరు, రావలసిన మొత్తం, ఇలా ఒక్కొక్కటే చదివి వినిపిస్తున్నారు. మూడో పేరు మా ఊరిది. మా వీధిలోనే, మా దుకాణానికి నాలుగు షట్టర్ల అవతల ఉన్న మనిషిది.

"ఆరు నెలలుగా పైసా కట్టలేదండి. అమ్మాయి పెళ్లికి వాడేసుకున్నాడట. ఇక ఆయనకు అరువు ఆపేయడమే మంచిది" అన్నారు ఆ పెద్దమనిషి.

ఆ పెళ్లికి నేను వెళ్లాను. భోజనాల దగ్గర ఆయన స్వయంగా నా విస్తరి ముందు నిలబడి, ఇంకో పూర్ణం వేయమని వడ్డించేవాళ్లతో చెప్పారు. ఆ పెళ్లి ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియవలసిన అవసరం లేదు, తెలుసుకోవాలని ఏనాడూ అనుకోలేదు. చీకట్లో, పై బెర్తు మీద, దుప్పటి కప్పుకుని పడుకున్న నాకు ఆయన కుటుంబం గుట్టు అలా చేరింది.

పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. అటుగా వచ్చిన టీటీఈ, "సార్, పది దాటింది, కాస్త మెల్లగా" అన్నారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిద్రవేళ కనుక ఆ సమయంలో ఫోనులో గట్టిగా మాట్లాడకూడదనీ, ఇయర్‌ఫోన్లు లేకుండా పాటలు, వీడియోలు పెట్టకూడదనీ 2022లో రైల్వే శాఖ తన సిబ్బందికి స్పష్టంగా చెప్పింది. ఎవరైనా వినకపోతే 139కి ఫోను చేసి చెప్పవచ్చు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. ఆ పెద్దమనిషి వెంటనే ఫోను పెట్టేసి, బిడ్డ తల్లి వైపు తిరిగి, "క్షమించాలమ్మా, చూసుకోలేదు" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. బిడ్డ కాసేపటికి నిద్రపోయింది. నాకే చాలాసేపు నిద్ర పట్టలేదు. చప్పుడు చేసినందుకు ఆయన క్షమాపణ చెప్పారు గానీ, ఆ బోగీలో లేని మనిషికి జరిగిన నష్టం ఆయన దృష్టికి రానే లేదు.

సోమవారం, రాణీగంజ్

సికింద్రాబాదులో దిగి, ప్యారడైజ్ దగ్గర మేము ఎప్పుడూ దిగే లాడ్జిలో స్నానాలు చేసి, టిఫిను తిని, దుకాణాలు తెరిచే వేళకు రాణీగంజ్ చేరాం. పంపులు, పైపులు, బేరింగులు, వాల్వులు, వైండింగు వైరు, వీటిలో ఏది కావాలన్నా ఆ నాలుగు వీధుల్లో దొరుకుతుంది. ట్రాలీ ఆటోలు, హమాలీల కేకలు, ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. అక్కడ మెల్లగా మాట్లాడితే పక్కనున్నవాడికే వినపడదు.

మేము సరుకు తీసుకునే సేటు గారి దుకాణం మాత్రం లోపలికి పొడుగ్గా ఉండి, వెనక భాగం ప్రశాంతంగా ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి. మేము కూర్చోగానే ఆయన చేసే మొదటి పని నేను ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను గానీ, ఈసారి మేనల్లుడికి మోచేత్తో సైగ చేసి చూపించాను. ఎదురుగా ఉన్న ఫోనును తీసి, గల్లాపెట్టె కింద ఉన్న చెక్క సొరుగు లాగి, రబ్బరు బ్యాండ్లు చుట్టిన రసీదు పుస్తకాల మీద దాన్ని బోర్లా పెట్టి, సొరుగు మూసేశారు. మేము కూర్చున్న గంటసేపట్లో అది లోపల రెండుసార్లు గుర్రుమంది. ఆయన చెయ్యి అటు కదలలేదు. మూడోసారి మోగినప్పుడు మాత్రం మావైపు చూసి, "ఇంట్లో ఒంట్లో బాగాలేదు భాయ్, ఒక్కసారి చూస్తాను, ఏమనుకోకండి" అని అనుమతి అడిగి, లేచి, గోదాము వైపు వెళ్లి రెండు ముక్కలు మాట్లాడి వచ్చారు.

"వచ్చినవాళ్లు ఊరు దాటి వచ్చారు, ఫోను చేసేవాళ్లు కుర్చీ దాటి రాలేదు. ముందు ఎవరి మాట వినాలి?" అన్నారు వచ్చి కూర్చుంటూ. ఆయనకు అది లెక్క అంత తేలిక విషయం.

చాయ్ తాగుతూ పాత రోజుల ముచ్చట్లు వచ్చాయి. నేను ఈ వ్యాపారంలోకి వచ్చిన కొత్తలో రాణీగంజ్ మలుపులో ఒక ఎస్టీడీ బూతు ఉండేది. పసుపు రంగు బోర్డు, లోపల చిన్న అద్దాల గది, గోడకు ఎర్ర అంకెలతో మీటరు. రాత్రి పొద్దుపోయాక రేటు పావువంతుకు దిగేది కనుక అప్పటిదాకా ఆగి, వరసలో నిలబడి నాన్నగారికి ఫోను చేసేవాణ్ణి. ఇవాళ ఆలోచిస్తే ఆ గదికి తలుపు ఉండడం ఎంత గొప్ప ఏర్పాటో అనిపిస్తుంది. తలుపు వేసుకుంటే మన మాట మనది, బయటివారి చెవి వారిది. అంకెలు తిరుగుతుంటే మాట దానంతట అదే కురచయ్యేది.

సెల్‌ఫోను వచ్చిన కొత్తలోనూ ఆ పొదుపు కొంత మిగిలే ఉంది. 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మన దేశంలో సెల్‌ఫోను మొదలైంది. మొదట్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది, వచ్చిన ఫోను ఎత్తినా డబ్బు పోయేది. 2003లో వచ్చే కాల్స్‌కు ఖర్చు పోయింది. 2016 తరువాత చేసే కాల్స్‌కూ నిమిషాల లెక్క పోయింది. డబ్బు భయం పోవడం మంచిదే, మా పొలాల రైతులు కూడా ఇవాళ ధైర్యంగా ఫోను చేయగలుగుతున్నారు. అయితే అప్పట్లో ఆ తలుపు, ఆ మీటరు మన చేత చేయించిన పనిని ఇప్పుడు మనంతట మనమే చేసుకోవలసి వచ్చింది. అది ఇంకా చాలామందికి అలవాటు కాలేదు.

లెక్కలు తేలాయి, కొత్త సరుకు రాయించాం. లేవబోతుంటే సేటు గారు మామూలుగా అడిగినట్టే అడిగారు: "మీ వీధిలోనే ఇంకొకాయన సరుకు కావాలని ఫోను చేశాడు. నలభై రోజుల అరువు అడుగుతున్నాడు. ఎలాంటి మనిషి?"

రాత్రి రైలులో మూడోగా విన్న పేరే చెప్పారు.

"నాకు పాతికేళ్లుగా తెలుసండి. మంచి మనిషి. ఆయనతో నాకు లావాదేవీలు లేవు" అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ మాట అనడానికి ముందు నేను ఆగాను. ఎంతసేపో చెప్పలేను, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేంతసేపు. ముప్ఫై ఏళ్లుగా మనుషుల ముఖాలు చదివి అరువులిచ్చిన సేటు గారికి ఆ ఆగడం చాలు. ఆయన తల ఊపి, ఇంకేమీ అడగలేదు. ముందు రాత్రి ఆ జాబితా నా చెవిన పడకపోయి ఉంటే తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి.

లాడ్జికి వెళ్లే దారిలో మేనల్లుడు అడిగాడు. "మావయ్యా, నిన్న రాత్రి విన్నది చెప్పేసి ఉంటే సేటు గారికి మేలు చేసినట్టు కాదా?"

"ఆయన తనంతట విచారించి తెలుసుకుంటే అది వ్యాపారం రా. నేను చెబితే ఒకరి ఇంటి మాట దొంగిలించి ఇంకొకరికి అమ్మినట్టు."

"మరి మనం దొంగిలించలేదు కదా."

దానికి నా దగ్గర జవాబు లేదు.

మంగళవారం, రాయదుర్గం దాకా

ఫోనుతో మోటారు ఆన్ చేసే స్టార్టర్లు ఇప్పుడు మా వైపు బాగా అమ్ముడవుతున్నాయి. డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంటి దగ్గరినుంచి ఫోను చేస్తే చేలో మోటారు తిరుగుతుంది. వాటిని తయారుచేసే ఒక సంస్థ వాళ్లతో మాట్లాడడానికి మంగళవారం ఉదయం ప్యారడైజ్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం బయలుదేరాం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. అంతకుముందు ఇదే దూరానికి ఆటోలో గంటన్నర కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి.

మూడు పెట్టెల బండి. అమీర్‌పేటలో మియాపూర్ వైపు నుంచి వచ్చే జనం కూడా కలవడంతో నిలబడేవారి భుజాలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. అంత దగ్గరగా నిలబడినప్పుడు ఒకరి ఫోను తెర ఇంకొకరి కళ్లముందే ఉంటుంది, ఒకరి మాట పదిమందిది అవుతుంది. అక్కడే ఒక మంచి ఉదాహరణ చూశాను. మెడలో ఆఫీసు ట్యాగు వేసుకున్న ఒక అమ్మాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఏదో మీటింగులో ఉంది. పెట్టె ఎక్కగానే చాలా చిన్న గొంతుతో, "నేను మెట్రోలో ఉన్నాను, మీరు చెప్పేది వింటాను, నా మాట ఉంటే రాసి పంపిస్తాను" అంది. తరువాత దుర్గం చెరువు దాకా ఆమె నోరు విప్పలేదు. బొటనవేళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఫోను తెరను ఛాతీకి దగ్గరగా, పక్కవారికి కనపడకుండా పట్టుకుంది. ఆమె పక్కన నిలబడిన నాకు ఆమె ఏ సంస్థలో పనిచేస్తుందో కూడా తెలియలేదు.

దానికి పూర్తి వ్యతిరేకంగా తలుపు దగ్గర ఒక యువకుడు స్పీకరు పెట్టి మాట్లాడుతున్నాడు. అవతలి గొంతు కూడా అందరికీ వినిపిస్తోంది. ఆ అవతలి మనిషి తన పై అధికారి గురించి మనసు విప్పి మాట్లాడుతున్నాడు. ఒక మెట్రో పెట్టె మొత్తం తన మాట వింటోందని పాపం అతనికి తెలియదు. స్పీకరులో పెట్టేముందు ఆ సంగతి అవతలివారికి చెప్పడం, ఎవరెవరు వింటున్నారో చెప్పడం కనీస ధర్మం. జనం మధ్య అయితే అసలు పెట్టకపోవడమే ధర్మం.

ఒకవైపు మాటే వినిపిస్తే అది మనల్ని ఎందుకు అంతగా లాగుతుందో కొంతకాలం క్రితం చదివాను. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే పక్కన మన పని మనం చేసుకోగలం. ఫోనులో ఒక్కరి మాటే వినిపిస్తే మాత్రం, అవతలివారు ఏమని ఉంటారో, ఇవతలివారు తరువాత ఏమంటారో అని మనసు తనకు తెలియకుండానే ఆ ఖాళీలు పూరించుకుంటూ పోతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రయోగాలు చేసి, ఇద్దరి సంభాషణ పూర్తిగా విన్నప్పటికంటే సగం సంభాషణ విన్నప్పుడే మనుషుల ధ్యాస ఎక్కువ చెదురుతోందని తేల్చారు. నాకు రైలులో జరిగింది అదే. "పెళ్లికి వాడేసుకున్నాడట" అన్న మాటకు ముందు అవతలి గొంతు ఏమడిగిందో నేను ఇప్పటికీ ఊహిస్తూనే ఉన్నాను.

రాయదుర్గంలో మీటింగు బాగా జరిగింది. దాని గురించి ఎక్కువ రాయవలసింది లేదు. ఫోను బల్లమీద పెట్టకుండా జేబులోనే ఉంచమని ముందే మేనల్లుడికి చెప్పాను, వాడు అలాగే చేశాడు. కింద లాబీలో మాత్రం ఒక పెద్దాయన బ్యాంకు వాళ్లతో కాబోలు మాట్లాడుతూ కార్డు అంకెలు పదహారూ, ఆపైన ఓటీపీ కూడా పైకి చదువుతున్నారు. ఆగబట్టలేక దగ్గరికి వెళ్లి, "అన్నగారూ, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదండి, ఒకసారి పెట్టేయండి" అన్నాను. ఆయన కంగారుగా ఫోను కట్ చేశారు. డబ్బు పోయినట్టు మెసేజి వస్తే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయమని చెప్పి వచ్చాం.

తిరుగు ప్రయాణంలో జరిగినది నా తప్పు, దాన్ని దాచదలచుకోలేదు. మేము అనుకున్నదానికంటే మంచి రేటు వచ్చింది. ఆ సంతోషంలో, మెట్రో కదలగానే దుకాణంలో ఉన్న అన్నయ్యకు ఫోను చేశాను. డబ్బాకు ఎంత పడుతుందో, నెలకు ఎన్ని తీసుకుంటామన్నామో, మా జిల్లాకు మనకే ఇస్తామన్నారనీ, రాతకోతలు ఇంకా కాలేదనీ, అన్నీ చెప్పేశాను. అన్నయ్యకు సరిగా వినపడక "ఏంటీ?" అన్నప్పుడల్లా ఇంకాస్త గట్టిగా చెప్పాను. చుట్టూ చప్పుడు పెరిగేకొద్దీ మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. కారణం తెలిసినంత మాత్రాన తప్పు తగ్గదు.

మేనల్లుడు నా మోచేయి పట్టుకున్నాడు. "మావయ్యా, మెల్లగా."

ఎదురు సీటులో ఒకాయన నావైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఆయన ఒళ్లో ఉన్న ఫైలు అట్టమీద ఇంకో మోటార్ల కంపెనీ పేరు ఉంది. ఆయన విన్నారో లేదో, విని ఏం చేసుకుంటారో నాకు తెలియదు. బహుశా ఏమీ చేసుకోరు. కానీ మాకు ఆ రేటు నమ్మకం మీద ఇచ్చిన కుర్రవాళ్ల మాటను నేను యాభై మందికి వినిపించాను. వాళ్లు వేరే డీలర్లకు వేరే రేటు చెప్పి ఉండవచ్చు. సైడ్ లోయర్ బెర్తులోని పెద్దమనిషి గురించి రెండు రోజులుగా నేను అనుకుంటున్న మాటలన్నీ నాకు వర్తించాయి. బేగంపేటలో దిగి, ప్లాట్‌ఫారం చివర మనుషులు లేనిచోట గోడవైపు తిరిగి నిలబడి, మిగతా మాట పూర్తి చేశాను. ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడితే అన్నయ్యకు చక్కగా వినిపించింది. ఆ తరువాతి బండికి ప్యారడైజ్ చేరాం. మాకు పోయింది కొద్ది నిమిషాలే.

బుధవారం, నౌబత్ పహాడ్, సాలార్‌జంగ్

సాయంత్రం బండి కనుక పగలు ఖాళీ. ఉదయాన్నే బిర్లా మందిరానికి వెళ్లాం. గుడి కట్టిన కొండ పేరు నౌబత్ పహాడ్. వెనకటి ప్రభువుల కాలంలో అక్కడ నగారాలు మోగించి ఊరికి ఆజ్ఞలు చాటేవారట, అందుకే ఆ పేరు. తెల్ల పాలరాతితో కట్టిన వేంకటేశ్వరుడి గుడి 1976లో తెరుచుకుంది. ఊరంతటికీ వినపడేలా చాటింపు వేసిన కొండమీద కట్టిన ఈ గుడిలో గంటలు లేవు. ధ్యానానికి అనువుగా ఉండాలని రామకృష్ణ మఠం స్వామి రంగనాథానంద కోరారని, అందుకే గంటలు కట్టలేదని చెబుతారు.

ఫోను లోపలికి తీసుకువెళ్లకూడదు. కింద కౌంటరులో ఇస్తే ఒక టోకెను ఇస్తారు. మా ముందు నిలబడిన ఒక వ్యాపారస్తుడు ఫోను ఇచ్చేముందు రెండు మెసేజిలు పంపి, మూడోది టైపు చేసి, వెనక వరస చూసి ఆపేశాడు. నేను కూడా ఇచ్చేటప్పుడు ఒకసారి తెర చూసుకున్నాను. మెట్లు ఎక్కుతుంటే నా చెయ్యి రెండుసార్లు చొక్కా జేబు తడుముకుంది. దర్శనం అయ్యాక పైన పాలరాతి గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా హుస్సేన్‌సాగర్, దూరంగా ట్యాంక్‌బండ్ మీద వాహనాలు, ఆ చప్పుడు అక్కడిదాకా రాదు. చుట్టూ కనీసం వందమంది ఉన్నారు. పిల్లలు పరుగెత్తుతున్నారు, ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. అయినా ఎవరి మాట వారి మధ్యనే ఉంది. మేనల్లుడు ఆ అరగంటలో తన గురించి నాకు తెలియని సంగతులు చెప్పాడు; ఏడాదిగా ఒకే దుకాణంలో పక్కపక్కన కూర్చుంటున్నా మేము అలా మాట్లాడుకోలేదు. అవి వాడి మాటలు, ఇక్కడ రాయను.

కిందికి వచ్చి టోకెను ఇచ్చి ఫోను తీసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అందులో తొమ్మిది ఒక్కరివే. ఫోను చేస్తే, "ఎక్కడ ఉన్నారండీ, పంపుసెట్టు బుష్షు సైజు అడుగుదామని" అన్నారు. ఒక మెసేజి సరిపోయేది. ఎదుటివారు ఎత్తకపోతే గుడిలోనో, ఆసుపత్రిలోనో, చావింట్లోనో ఉన్నారేమోనన్న ఊహ మనకు ఎందుకో రాదు.

అక్కడినుంచి సాలార్‌జంగ్ మ్యూజియం. పన్నెండు కొట్టే వేళకు అక్కడి పాత బొమ్మల గడియారం ముందు జనం కూర్చునే చోటంతా నిండిపోతుంది, ఎందుకంటే అప్పుడే ఎక్కువ దెబ్బలు. కుడివైపు కమ్మరి బొమ్మ సెకనుకొక సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంటకు కొద్దిగా ముందు చిన్న తలుపు తెరుచుకుని గంట కొట్టే గడ్డం బొమ్మ బయటికి వస్తుంది. అందరి చేతులూ ఫోన్లతో పైకి లేచాయి. నా ముందు కూర్చున్న ముసలాయన, మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఆ చేతుల సందుల్లోంచి చూడడానికి మెడ అటూ ఇటూ తిప్పుతున్నారు. నాలుగో దెబ్బ పడుతుండగా ఎక్కడో సినిమా పాట మోగింది. మోగిన ఫోను ఎవరిదో వారు దాన్ని ఆపకుండా ఎత్తి, "మ్యూజియంలో ఉన్నా, చెప్పు" అన్నారు. అయిదు, ఆరు, ఏడు ఆ మాటల కింద పోయాయి. లెక్కపెడుతున్న పిల్లవాడు "తాతా, ఎన్ని కొట్టాడు?" అని అడిగాడు. ఎనిమిదో దెబ్బ దగ్గర మేనల్లుడు తన ఫోను దించి జేబులో పెట్టుకున్నాడు. ముసలాయనకు వాడి పక్కనుంచి గడియారం కనపడింది.

బుధవారం రాత్రి, తిరుగు బండి

నాంపల్లిలో సాయంత్రం బండి ఎక్కాం. విజయవాడ దగ్గరపడుతుండగా, రాత్రి పది అయ్యాక, నా ఫోను జేబులో వణికింది. స్టార్టర్ల కుర్రవాళ్లు. ఎత్తకుండా, "రైలులో ఉన్నాను, అందరూ పడుకున్నారు, ఉదయం తొమ్మిదికి దుకాణం నుంచి చేస్తాను" అని రాసి పంపాను. "అలాగే సార్" అని వెంటనే జవాబు వచ్చింది. కొంపలు మునిగే పనేమీ కాదు. అంతకుముందు ఎన్నో రాత్రులు ఇలాంటి ఫోన్లే ఎత్తి ఎన్ని నిద్రలు చెడగొట్టానో నాకు లెక్క లేదు.

గురువారం ఉదయం, రాజమండ్రి

దుకాణం తెరిచి దీపం పెట్టేసరికి నాలుగు షట్టర్ల అవతలి మనిషి పలకరించారు. "ఏమండీ, ఎప్పుడొచ్చారు? పనులు బాగా అయ్యాయా?" అంటూ టీ కుర్రవాణ్ణి పిలిచి రెండు టీలు చెప్పారు. వెళ్లి ఆయన దుకాణం ముందు బల్లమీద కూర్చున్నాను. అమ్మాయి కాపురం గురించి అడిగాను, అల్లుడికి బదిలీ అయిందని చెప్పారు. ఇంతలో ఆయన ఫోను మోగింది. తెరమీద పేరు చూసి, "ఒక్క నిమిషం అండీ, మీరు తాగుతూ ఉండండి" అని లేచి, దుకాణం దాటి, వెనక గోదాములోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకున్నారు.

నేను టీ గ్లాసు పట్టుకుని, ఆ తలుపు వైపు చూడకుండా, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.